బాంబు దాడుల్ల దెబ్బతిన్నోళ్లకు జాతీయ అవార్డు అడగొచ్చా? మా సంఘంల లొల్లి అయితున్నది

దేవరకొండ పోరడు

అన్నలకు అక్కలకు నమస్తే. మాది దేవరకొండ దిక్కు ఒక ఊరు. మా చిన్నమ్మ కొడుకు 2013ల ఎస్సై కోచింగ్ అని దిల్‌సుఖ్‌నగర్ల రూం తీస్కొని ఉండె, ఆ ఫిబ్రవరి 21 పొద్దుగూకినంక 107 బస్టాప్ కాడ బాంబు పేలినప్పుడు జర అవతల ఉన్నడు గాబట్టి పానం దక్కింది. ఎడమ చెవు మొత్తం పోయింది, కుడి చెవుకు సగం సగమే ఇనబడ్తది, పిక్కల ఒక ఇనుప ముక్క ఇంకా అట్లనే ఉన్నది, తీస్తే నరం పోతదని డాక్టర్లు ముట్టుకోలె. ఇగ పోలీసు కొలువుకు మెడికల్ల ఏం పాసైతడు. ఇప్పుడు కొండమల్లేపల్లిల జిరాక్స్ సెంటర్ నడుపుకుంటున్నడు. మనం మాట్లాడుతుంటే మన కండ్ల దిక్కు చూడడు, పెదాల దిక్కే చూస్తడు.

సంగతేందంటే మా యువజన సంఘమోళ్లం ఎంపీకి ఒక వినతిపత్రం ఇద్దామనుకున్నం. ఇట్ల ఉగ్రదాడుల్ల సచ్చిపోయినోళ్లకు, దెబ్బలు తాకినోళ్లకు దేశం తరఫున ఒక అవార్డు పెట్టున్రి, రాష్ట్రపతి చేతుల మీద ఇయ్యున్రి అని. రాసుడు సుత అయిపోయింది. చదివి చూడున్రి సార్ అని మా ఊరి రిటైర్డ్ హెడ్మాస్టర్‌కు ఇస్తే ఆయన కండ్లద్దాలు తీసి "అవార్డంటే ఏదన్న చేసినోనికి ఇచ్చేది, బస్సు కోసం నిలబడ్డందుకు ఇస్తరారా" అన్నడు. సగం మంది ఆయన దిక్కు పోయిండ్రు, సగం మంది మా దిక్కు. మా అన్ననైతే నవ్వి "నాకు అవార్డెందుకురా, మంచి మిషన్ ఇప్పియ్యున్రి చెవుకు" అన్నడు.

ఇట్లాంటి అవార్డు ఏ దేశంలనన్న ఉన్నదా? మన దగ్గర ఇప్పుడు ఉన్నవాట్ల ఏదన్నా వర్తిస్తదా? అసలు అడుగుడు కరెక్టేనా? తెలిసినోళ్లు జర చెప్పున్రి.

పాలమూరు పాత ఖాకీ

తమ్ముడూ, నేను డిపార్ట్‌మెంట్ల ముప్పై ఏండ్లు చేసి రిటైరైన మనిషిని, నాకు తెలిసింది చెప్త.

మన దేశంల అట్ల బాధితులకు అని విడిగ అవార్డు లేదు. ఉన్నయన్నీ ధైర్యానికి ఇచ్చేటియి. అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర, ఈ మూడు 1952ల పెట్టినయి, యుద్ధభూమిల కాకుండ బయట చూపిన సాహసానికి. మిలట్రీ వాళ్లకే అనుకుంటరు గాని మామూలు మనుషులకు సుత ఇస్తరు. నీరజా భనోత్ యాదున్నదా, 1986ల కరాచీల విమానం హైజాక్ చేస్తే ప్యాసింజర్లను కాపాడుకుంట పానం ఇడిసింది, ఆ అమ్మకు అశోక చక్ర వచ్చింది. 2001ల పార్లమెంట్ మీద దాడిల కమలేష్ కుమారి అని సీఆర్పీఎఫ్ కానిస్టేబుల్, 2008 ముంబైల తుకారాం ఓంబ్లే. ఓంబ్లే చేతిల లాఠీ తప్ప ఏం లేదు, కసబ్ తుపాకి గొట్టం రెండు చేతుల గట్టిగ పట్టుకున్నడు, గుండ్లు కడుపుల దిగినా ఇడువలె, అందుకే కసబ్ పానంతోని దొరికిండు. గదే రాత్రి సీఎస్‌టీ స్టేషన్ల రైలు కోసం కూసొని సచ్చిపోయినోళ్లు ఎంత మంది, వాళ్లకు ఏ పతకం లేదు. మీ హెడ్మాస్టర్ సారు చెప్పింది ఇప్పుడున్న రూలు ప్రకారం కరెక్టే.

మీ పాత నల్లగొండ జిల్లాల ముచ్చటే చూడు. 2015 ఏప్రిల్ల సూర్యాపేట హైటెక్ బస్టాండ్ల అర్ధరాత్రి తనిఖీ చేస్తుంటే మధ్యప్రదేశ్ల ఖండ్వా జైలు నుంచి పారిపోయొచ్చిన సిమీ అనే నిషేధిత సంస్థ వాళ్లు కాల్చిండ్రు, ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు పోయిండ్రు. రెండు దినాలకు మోత్కూర్ దిక్కు జానకీపురం కాడ ఎదురుకాల్పులల్ల ఇంకో కానిస్టేబుల్ పోయిండు, ఎస్సై సిద్ధయ్య దవాఖానల మూడు దినాలు కొట్లాడి పోయిండు. ఆ మూడు దినాలు మేమంత టీవీ ముంగట్నే కూసున్నం. ఆయన దవాఖానల ఉన్నప్పుడే భార్యకు కొడుకు పుట్టిండు. వాళ్ల పేర్లు ప్రతి అక్టోబర్ 21న పోలీసు అమరుల దినం పరేడ్ల చదువుతరు, నిలబడి ఇంటం. మాకు ఆ లెక్కన ఒక దినమన్న ఉన్నది. మీ అన్న అసోంటోళ్లకు గది సుత లేదు, అది మాత్రం ఒప్పుకోవాలె.

నకిరేకల్ టు లియోన్

నేను నకిరేకలోన్ని, ఇక్కడ ఫ్రాన్స్‌ల ఎమ్మెస్ చేస్తున్న. ఇక్కడ ఉన్నది బ్రో, అచ్చం నువ్వు అడిగినట్టే. ఉగ్రవాద బాధితుల జాతీయ గుర్తింపు పతకం అంటరు, 2016 జులై 12న డిక్రీ తెచ్చిండ్రు. అది తెచ్చిన రెండు దినాలకే నీస్ల లారీ ఎక్కిచ్చి 86 మందిని సంపిండు ఒకడు, చూడు ఎట్లాంటి టైమో. సచ్చిపోయినోళ్లకు, గాయపడ్డోళ్లకు, బందీలుగ పట్టుకపోయినోళ్లకు ఇస్తరు, ఫ్రాన్స్ గడ్డ మీద దెబ్బతింటే పరాయి దేశపోళ్లకు సుత. 1974 నుంచి జరిగిన దాడులన్నిటికి వర్తిస్తది. అంటే పాత కేసులోళ్లు, ముసలోళ్లు అయినోళ్లు సుత అప్లై చేస్కోవచ్చు.

అప్పుడు ఇక్కడ సుత మీ హెడ్మాస్టర్ సారు అన్న మాటే అన్నరు చానా మంది. పతకం అంటే ఏదో సాధించినోనికి ఇయ్యాలె, బాధపడుడు సాధించుడు ఎట్లయితది అని. సైన్యం దిక్కు నుంచి సుత గొణుగుడు వచ్చింది. అయినా పెట్టిండ్రు.

స్పెయిన్ ఇంకా ముందు, 1999లనే చట్టం చేసింది. ఈటీఏ అని అక్కడ బాస్క్ వేర్పాటువాదుల సంస్థ ఉండె, ఏండ్లకేండ్లు సంపుకుంటనే వచ్చింది. దాంట్ల సచ్చిపోయినోళ్లకు గ్రాండ్ క్రాస్, గాయపడ్డోళ్లకు, కిడ్నాప్ అయినోళ్లకు దాని కింది మెట్టుది. 2011ల ఇంకో చట్టం తెచ్చి భార్యాపిల్లలకు తల్లిదండ్రులకు సుత ఒక బ్యాడ్జ్ అసోంటిది పెట్టిండ్రు. అమెరికాల 2001 సెప్టెంబర్ దాడైనంక పెంటగాన్ల పనిజేసే సివిలియన్లకు ఒక మెడల్ పెట్టిండ్రు, సైనికులకు ఇచ్చే పర్పుల్ హార్ట్‌కు జోడుగ.

ఆ పర్పుల్ హార్టే జూడున్రి. గాయమైతే చాలు ఇస్తరు, సాహసం చూపాలనే షరతు లేదు. మన సైన్యంల సుత పరాక్రమ్ పదక్ అని ఉన్నది, శత్రువు చేతుల గాయపడ్డోళ్లకు. మరి సైనికునికి గాయానికే పతకం ఉన్నప్పుడు, దేశం మీద కోపంతోని పెట్టిన బాంబు తాకిన పోరనికి ఎందుకుండొద్దు? ఆ బాంబు మీ అన్న మీద పగతోని పెట్టింది కాదు కదా, ఆయన పేరు సుత వానికి తెల్వదు.

పాలమూరు పాత ఖాకీ

@నకిరేకల్ బాబూ, సైనికుడు పోయేది తెలిసే పోతడు. గాయమైనా డ్యూటీలనే అయితది. అదీ ఇదీ ఒక్కటి కాదు. అయినా నువ్వు చెప్పింది మంచిగున్నది, నాకు ఈ స్పెయిన్ సంగతి తెల్వదు.

మిర్యాలగూడ మిల్లు రోడ్డు

అందరు మెడల్స్ గురించే మాట్లాడ్తున్రు, పైసల సంగతి ఎవరు మాట్లాడరా? నేను కరాఖండిగ చెప్తున్న, గోడకు తగిలించే ముక్కతోని ఏం కాదు. ఆ పోరడే చెప్పిండు కదా మిషన్ ఇప్పియ్యున్రి అని, అంతకన్న మంచి మాట ఈ ముచ్చటల ఇంకొకటి లేదు.

2008 నుంచి సెంట్రల్ హోంశాఖ స్కీమ్ ఉన్నది, ఉగ్రవాదం, మతకలహాలు, నక్సల్ హింస, వీటిల్ల దెబ్బతిన్న సివిలియన్లకు. మొదలు 3 లక్షలు, 2016ల 5 లక్షలు చేసిండ్రు. చేతికియ్యరు, బ్యాంకుల ఫిక్స్‌డ్ వేస్తరు, మూడేండ్లు ముట్టద్దు, మిత్తి మాత్రం ఖాతాల పడ్తది. అసలు మతలబు ఇక్కడున్నది: చావు గాని, 50 శాతం పైన శాశ్వత వైకల్యం గాని ఉండాలె. సగం చెవుడు, పిక్కల ఇనుప ముక్క, రాత్రి నిద్ర పట్టకపోవుడు, ఇయ్యి 50 ఎట్లయితయి? మీ అన్నకు సదరం సర్టిఫికెట్ల ఎంత పడ్డదో అడుగు. యాభైకి తక్కువే ఉంటదని నేను రాసిస్త.

అవార్డు అడుగుడు కంటె ముందు ఆ 50 శాతం రూలు మార్చమని అడుగున్రి. సూర్యాపేటల కల్నల్ సంతోష్ బాబుకు మహావీర చక్ర వచ్చింది, సర్కారు ఇంటామెకు గ్రూప్ వన్ కొలువు ఇచ్చింది, విగ్రహం పెట్టింది, అన్నీ పద్ధతిగ అయినయి. ఆయనకు అయినయి గాబట్టే కుటుంబం నిలబడ్డది. కొలువు లేకుంట ఉత్త విగ్రహమే పెట్టుంటే మనం ఏమంటుంటిమి?

కల్వకుర్తి టీచరమ్మ

మిర్యాలగూడ అన్నా, పైసలు ముఖ్యమే, కాదన్నోళ్లు ఎవరు లేరు. కాని రెండు కలిసి అడుగొద్దని ఎక్కడుంది? 2001 పార్లమెంట్ దాడిల పోయినోళ్ల ఇంటోళ్లు 2006ల ఏం చేసిండ్రో చూడండి, దోషికి ఉరి లేటయితున్నదని మెడల్సే వాపస్ ఇచ్చేసిండ్రు. పతకం వాళ్లకు ఉత్త ముక్క అయితే తిరిగిచ్చుడెందుకు, ఇస్తే పేపర్లల్ల వచ్చుడెందుకు. సర్కారుతోని మాట్లాడనీకె వాళ్ల దగ్గరున్నది అదొక్కటే మరి.

నాది ఇంకో బాధ. మే 21 ఉగ్రవాద వ్యతిరేక దినం, 1991ల శ్రీపెరంబుదూర్ల రాజీవ్ గాంధీ పోయిన దినం. ఆఫీసులల్ల అందరు నిలబడి ప్రతిజ్ఞ చేస్తరు. బడులకు అప్పుడు ఎండాకాలం సెలవులు! పిల్లలకు ఆ దినమే ఉన్నదని తెల్వదు. మా పదో తరగతి పిల్లలను అడిగిన, గోకుల్ చాట్ అంటే తినే జాగ అని చెప్పిండ్రు. 2007 ఆగస్టు 25న అక్కడ, లుంబినీ పార్క్‌ల కలిపి 42 మంది పోయిండ్రురా అంటే నోరెళ్లబెట్టిండ్రు. లుంబినీల పోయినోళ్లల్ల మహారాష్ట్ర నుంచి టూరుకొచ్చిన ఇంజనీరింగ్ పిల్లలు సుత ఉన్నరు, వాళ్లు పుట్టిందెక్కడ పోయిందెక్కడ. అదే సంవత్సరం మేల మక్కా మసీదుల నమాజ్‌కు వచ్చినోళ్లు పోయిండ్రు. ఒక జాబితా అంటూ ఉంటే కదా అందరి పేర్లు ఒక్క దగ్గర ఉండేది.

ఐక్యరాజ్య సమితి ఆగస్టు 21ని ఉగ్రవాద బాధితుల దినంగ 2017ల పెట్టింది. ఆగస్టుల బడులు నడుస్తుంటయి. ఆ దినం పేర్లు చదివినా చాలు అంటాను నేను.

అమ్రాబాద్ అడవి

అందరు రాసింది సదివిన. ఒక్కటి అడుగుత, ఎవరు కోపం తెచ్చుకోవద్దు. బాధితుడు అంటే ఎవరు? దిల్‌సుఖ్‌నగర్ల, పహల్గాంల తేలికనే. మా నల్లమలకు రాన్రి.

2005 ఆగస్టు 15న నారాయణపేటల మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, ఇంకొందరిని మావోయిస్టులు కాల్చి సంపిండ్రు, జెండా పండుగ నాడు. రెండు దినాలకు మావోయిస్టు పార్టీ మీద మళ్లా నిషేధం పెట్టిండ్రు. ఆయన పేరు జాబితల ఉంటది, సరే. ఆయనతోని పోయిన మిగిలినోళ్లు? సరే వాళ్లూ ఉంటరు అనుకుందాం. మా దిక్కు ఇన్‌ఫార్మర్ అని చీటి పెట్టి సంపిన చెంచోళ్లు, గొర్లు కాసుకునేటోళ్లు ఉన్నరు. రాత్రి అన్నం పెట్టకపోతే మావోయిస్టులు కొట్టేది, పెట్టినందుకు తెల్లారి పోలీసులు తోలుకపోయేది. రెండో దిక్కు పోయి తిరిగి రానోని తల్లి ఏ కాగితం పట్టుకొని ఏ ఆఫీసుకు పోవాలె? ఒకే వాడకట్టుల ఒక ఇంటికి రాష్ట్రపతి పతకం వచ్చి పక్కింటికి ఏం రాకపోతే ఊర్ల ఏమైతది ఆలోచించిండ్రా.

నేను అవార్డు వద్దు అంటలేను. ఎవరు తేలుస్తరు అని అడుగుతున్న.

నకిరేకల్ టు లియోన్

అమ్రాబాద్ అన్నా, నువ్వు అడిగిందే స్పెయిన్ల పెద్ద గొడవైంది. మెలితోన్ మన్సానస్ అని ఫ్రాంకో నియంత కాలంల పోలీసు ఆఫీసరు, స్టేషన్ల మనుషులను చిత్రహింసలు పెట్టుడుకు పేరుమోసినోడు, 1968ల ఈటీఏ సంపింది. 2001ల ఆయనకు సుత గ్రాండ్ క్రాస్ ఇచ్చిండ్రు! చట్టం ప్రకారం ఉగ్రవాదుల చేతుల సచ్చిండు కాబట్టి బాధితుడే మరి. ఆయన చేతుల దెబ్బలు తిన్నోళ్లు ఇంకా బతికున్నరు, వాళ్లెట్ల ఊకుంటరు, దేశమంత లొల్లి అయింది. తర్వాత చట్టం మార్చి, బతికున్నప్పటి నడత రాజ్యాంగానికి, మానవ హక్కులకు ఉల్టా ఉన్నోళ్లకు ఇయ్యద్దు అని రాసుకున్నరు. అంటే ముందుగాల పెట్టి తర్వాత తిప్పలు పడ్డరు. మనం ముందే రాసుకోవచ్చు కదా.

అమ్రాబాద్ అడవి

రాసుకోవచ్చు. రాసేది ఎవరు అన్నదే మళ్లా నా ప్రశ్న 🙂 జిల్లాల కమిటీ అంటే కలెక్టర్, ఎస్పీ. మా చెంచు అవ్వ ఎస్పీ ముంగట కూసొని ఏం చెప్తది. ఒక రిటైర్డ్ జడ్జినన్న పెట్టాలె, లేకుంటే ఊర్ల గ్రామసభల అడగాలె.

మిర్యాలగూడ మిల్లు రోడ్డు

గ్రామసభల పెడితే ఇందిరమ్మ ఇండ్ల లిస్టు లెక్కనే అయితది అన్నా, సర్పంచ్ బామ్మర్ది పేరు మొదలొస్తది 😀

పాలమూరు పాత ఖాకీ

నవ్వులు పక్కకు పెట్టున్రి. పహల్గాం అయినంక 2025ల గిదే అడిగిండ్రు ఒకాయన పంజాబ్ హర్యానా హైకోర్టుల, పోయిన 26 మందికి అమరుల హోదా ఇయ్యాలె అని. అది సర్కారు చూసుకోవాల్సిన పాలసీ సంగతి అన్నది కోర్టు. మీకు ఇంకొకటి చెప్త, అమరుడు అనే హోదా సైన్యంల, పోలీసుల సుత రికార్డుల ఎక్కడా లేదు. మనం స్తూపాల మీద రాసుకుంటం అంతే. కాబట్టి వినతిపత్రంల ఆ హోదా అని రాస్తే ఎవరు చేయలేరు, వాపస్ వస్తది. కొత్త గుర్తింపు పతకం పెట్టున్రి అని రాయాలె. బిరుదులు ఇయ్యద్దని రాజ్యాంగంల 18వ ఆర్టికల్ ఉన్నది గాని పతకాలకు అది అడ్డం కాదని సుప్రీంకోర్టు 1995లనే చెప్పింది, పేరు ముంగట తగిలించుకోవద్దు అంతే.

ఆ పహల్గాంలనే గుర్రాలు నడుపుకునే ఆదిల్ హుస్సేన్ షా ఉన్నడు కదా, టూరిస్టులను కాపాడబోయి తుపాకి గుంజుకోబోయిండు అన్నరు, అసోంటోళ్లకు ఇప్పుడున్న శౌర్య పతకాలే సరిపోతయి, కొత్తది అక్కర్లేదు. కలిపేయొద్దు రెండిటిని.

కల్వకుర్తి టీచరమ్మ

ఇంకొక మాట. అప్లై చేసుకోమంటే మన దగ్గర ఎవరు చేసుకుంటరు? పెన్షన్‌కే తిరిగి తిరిగి చెప్పులరిగిన తల్లి, సచ్చిపోయిన కొడుకు పతకానికి మీసేవల లైన్ల నిలబడ్తదా? ఉగ్రవాద కేసులు చూసే ఎన్ఐఏ కోర్టు తీర్పు కాగితాలల్లనే సచ్చిపోయినోళ్లు, గాయపడ్డోళ్లు ఎవరెవరని ఉంటది. దిల్‌సుఖ్‌నగర్ కేసుల 2016ల ఐదుగురికి ఉరి వేసింది కోర్టు, 2025 ఏప్రిల్ల హైకోర్టు ఖాయం చేసింది. ఆ కాగితాలు తీసి సర్కారే ఇంటికి కబురు పంపాలె. పతకం తీసుకోను అంటే ఇడిసిపెట్టాలె.

దేవరకొండ పోరడు

అందరికి చానా థాంక్స్. నిన్న రాత్రి ఇదంత మా సంఘంల చదివి వినిపిచ్చిన, హెడ్మాస్టర్ సారు సుత వచ్చి కూసున్నడు. స్పెయిన్ పోలీసాయన ముచ్చట ఇన్నంక ఇంకింత గట్టిగ అన్నడు, చూసిండ్రా నేను చెప్పలే అని. ఆయన మారడు, సంతకం మాత్రం పెడ్త అన్నడు 50 శాతం రూలు మొదటి డిమాండ్‌గ పెడితే. మిర్యాలగూడ అన్న చెప్పింది అక్షరాల నిజం, మా అన్నకు సదరంల 45 పడ్డది, అందుకే ఆ స్కీమ్ల పైసా రాలే. అప్పుడు ఎక్స్‌గ్రేషియా అని ఏదో కొంచెం వచ్చిందంటడు, అది ఆపరేషన్లకే పోయింది.

ఇట్ల మార్చి రాసినం: మొదటిది చెవుడు, లోపల ఉండిపోయిన ముక్కలు, మనసు దెబ్బ సుత లెక్కల తీస్కొని ఆ 50 శాతం తగ్గియ్యాలె. రెండోది ఆగస్టు 21న బడులల్ల పేర్లు చదవాలె. మూడోది గుర్తింపు పతకం, ఇంటోళ్లు అడగకుంటనే, ఎవరికి అన్నది రిటైర్డ్ జడ్జి కమిటీ తేల్చాలె. అమ్రాబాద్ అన్నది మూడోదాంట్ల పెట్టినం గాని ఆయన అడిగిన తల్లి సంగతి మేమైతే తేల్చలేకపోయినం, ఒక గంట మాట్లాడినం, ఇద్దరు కొట్లాడుకున్నరు సుత. మా అన్న కూసొని అందరి పెదాలు చూసుకుంట ఉన్నడు, ఆఖరికి "జిరాక్సులు ఎన్ని కావాల్నో చెప్పున్రి, ఫ్రీ" అన్నడు.

ఇది ఎంపీకే ఇయ్యాల్నా, కలెక్టర్‌కు సుతనా?

పాలమూరు పాత ఖాకీ

రెండు దగ్గర్ల ఇయ్యున్రి. సోమవారం నల్లగొండ కలెక్టరేట్ల ప్రజావాణి ఉంటది, పది గంటలకే పోవాలె, లేకుంటే లైన్ పెద్దగయితది. రెండో కాపీ మీద ముద్ర, నంబర్ ఏపిచ్చుకోకుండ బయటికి రావద్దు. సదరం కాగితం జిరాక్స్, అప్పటి దవాఖాన డిశ్చార్జ్ కాగితం కలిపి పిన్ను కొట్టు. ఒరిజినల్ మాత్రం ఎవరడిగినా ఇయ్యకు.